నులక మంచం ఎవరిది?

(నూజివీడు దగ్గర రాజ్యలక్ష్మి పుట్టింటివారి మామిడి తోట. మే నెల చివరి ఆదివారం, మధ్యాహ్నం. బంగినపల్లి కోత అయిపోయింది. చిన్న రసాలు మాత్రం అక్కడక్కడ చెట్ల మీద మిగిలాయి. విజయవాడ అపార్టుమెంటు నుంచి పొద్దున్నే కారులో వచ్చి, చెట్టు నీడన నులక మంచం వేయించుకున్న శేషగిరిరావు, ఆ మంచం మీద బ్రూనో అనే లాబ్రడార్ వెల్లకిలా పడుకుని ఉండటాన్ని దిండు చంకన పెట్టుకుని చూస్తున్నాడు. తోటలోనే పుట్టి పెరిగిన నల్లోడు అనే నాటు కుక్క పక్క చెట్టు పాదులో ఏదో తవ్వుకుంటోంది.)

శేషగిరిరావు: రాజ్యం, నీ కొడుకు కుక్క నా మంచం ఎక్కింది.

రాజ్యలక్ష్మి: వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ దీన్ని అప్పగించినప్పుడు, మనవడిలా చూసుకుంటానని మాట ఇచ్చింది మీరే. మనవడు మంచం ఎక్కితే దించేస్తారా?

శేషగిరిరావు: మనవడైతే జరగమంటే జరుగుతాడు. ఇది జరగకపోగా నన్ను చూసి తోక ఊపుతోంది. సరేలే, ఈ ఒక్క రోజు ఏ పనీ పెట్టుకోకుండా హాయిగా గడుపుదామని కదా వచ్చాం, నువ్వయినా వచ్చి కాసేపు కూర్చో.

రాజ్యలక్ష్మి: కూర్చుంటాను. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, చక్రపొంగలి వండి, కుక్కకు విడిగా ఉప్పు లేని అన్నమూ ఉడికించిన కోడిమాంసమూ డబ్బాలో పెట్టి, దాని గిన్నె, దాని దుప్పటి, మీ మాత్రలు, మీ దిండు అన్నీ సర్దుకొచ్చినదాన్ని నేనే కాబట్టి, ఇక ఏ పనీ పెట్టుకోకుండా కూర్చోవడానికి నాకేం అభ్యంతరం?

(పెళ్లయిన ఏ మగవాడైనా ఇక్కడ నోరు మెదపడు. శేషగిరిరావు మెదిపాడు.)

శేషగిరిరావు: ఆ చక్రపొంగలి కాస్త ఇటివ్వు. దీనికి రెండు ముద్దలు కింద పెడితే, వాసనకు అదే దిగుతుంది.

రాజ్యలక్ష్మి: అందులో ఎండుద్రాక్ష ఉంది, పెట్టకండి.

శేషగిరిరావు: దేవుడికి నైవేద్యం పెట్టింది కుక్కకు పనికిరాదా?

రాజ్యలక్ష్మి: దేవుడికి మూత్రపిండాల జబ్బు రాదు. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయవచ్చనీ, ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం కాబట్టి ఒక్కటి కూడా పెట్టవద్దనీ పశువైద్యుడు మీ ఎదుటే చెప్పారు. అప్పుడు మీరు ఆయన గోడ మీది పటంలో కుక్క పళ్లు లెక్కపెడుతున్నారు.

శేషగిరిరావు: లెక్క తప్పలేదు కదా! 42.

రాజ్యలక్ష్మి: ఆ 42 తోనే నిన్న మీ కొత్త చెప్పు నమిలింది.

శేషగిరిరావు: నువ్వు దాని వంశం తెలియక మాట్లాడుతున్నావు. దీని పూర్వీకులు కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, గాలం నుంచి జారిపోయిన చేపలను గడ్డకట్టే నీళ్లలోకి దూకి నోట కరుచుకుని వచ్చేవి. ఆ చలికి తట్టుకునేందుకే వీటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది.

రాజ్యలక్ష్మి: అలాంటి వంశంలో పుట్టినదాన్ని మే నెలలో నూజివీడు తీసుకొచ్చి, పైగా మంచం ఖాళీ చేయమంటున్నారు. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే. మిగిలిన వేడంతా అది నాలుక చాపి రొప్పుతూ వదిలించుకోవాలి. తెలివంటే మా నల్లోడిది. అటు చూడండి.

(నల్లోడు పాదులోని ఎండాకులను ముందుకాళ్లతో వెనక్కి నెట్టింది. పైమట్టి తవ్వి, నిన్న పెట్టిన తడికి నల్లగా ఉన్న అడుగుమట్టి కనిపించేదాకా ఆగలేదు. గుంతలో రెండుసార్లు గుండ్రంగా తిరిగి, పొట్ట చల్లటి మట్టికి ఆనేలా నాలుగు కాళ్లూ చాపి పడుకుంది.)

శేషగిరిరావు: మీ పుట్టింటివారి కుక్క గనుక తెలివైనదే అయి ఉంటుంది.

రాజ్యలక్ష్మి: కుక్క మాత్రమే కాదు.

(ఇంతలో పక్క తోట వైపు నుంచి కోతులు దిగాయి. నల్లోడు ఒక్క గెంతులో లేచి అరుస్తూ వాటి వెంటపడింది. బ్రూనో కూడా ఒక్క గెంతులోనే లేచి, మంచం కిందికి దూరింది.)

శేషగిరిరావు: చూశావా, దిగింది! ఇక ఎవరు పిలిచినా నేను లేవను.

(పడుకున్నాడు. కింద బ్రూనో లేచి నిలబడబోయింది. నులకతో పాటు శేషగిరిరావు నడుము కూడా పైకి లేచింది.)

రాజ్యలక్ష్మి: ఎవరూ పిలవకుండానే లేచారు.

శేషగిరిరావు: నవ్వకు. ఆ గంపలోంచి ఒక రసం ఇటు పడెయ్యి, తిని శాంతిస్తాను.

(కాయను రెండు చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, రసమంతా జుర్రుకున్నాడు. చివరికి టెంకను పీచు తెల్లబడేదాకా చీకి, వెనక్కి విసిరాడు. అది నేలకు చేరలేదు.)

రాజ్యలక్ష్మి: టెంక దాని నోట్లో ఉంది! మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ చేయించాల్సి వస్తుంది, పరుగెత్తండి!

శేషగిరిరావు: బ్రూనో, వదులు! వదలరా! రాజ్యం, నేను లాగేకొద్దీ బిగబడుతోంది.

రాజ్యలక్ష్మి: లాగకండి, లాగితే ఆట అనుకుంటుంది. వెంటపడినా చటుక్కున మింగేస్తుంది. ఈ కోడి ముక్క దాని ముక్కు దగ్గర పెట్టండి, అదే వదులుతుంది.

(వదిలింది. కోడి ముక్కతో పాటు శేషగిరిరావు చేతిని కూడా మణికట్టు దాకా నాకింది. ఆయన టెంక పట్టుకుని తిరిగి వచ్చేసరికి రాజ్యలక్ష్మి ఆయన దిండు వేసుకుని మంచం మీద పడుకుని ఉంది.)

శేషగిరిరావు: ఇదేమిటి?

రాజ్యలక్ష్మి: ఏ పనీ పెట్టుకోవద్దన్నారు కదా.

శేషగిరిరావు: అన్నాననుకో, మరి నేనెక్కడ పడుకోను?

రాజ్యలక్ష్మి: నల్లోడి గుంత ఖాళీగానే ఉందేమో చూడండి.

శేషగిరిరావు: లేదు. అందులో మన బ్రూనో దొర్లుతోంది. తెల్ల కుక్కను తీసుకొచ్చాం, కాఫీపొడి రంగు కుక్కను తీసుకెళ్లాలి. కారు సీట్లు ఏమైపోతాయి?

రాజ్యలక్ష్మి: బోరు దగ్గర గొట్టం ఉంది, కడిగి తీసుకురండి. చెవుల్లోకి నీళ్లు పోనివ్వకండి. కడిగాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో గోమార్లు పట్టాయేమో చూడండి.

శేషగిరిరావు: గోమారి కనిపిస్తే కాస్త కిరసనాయిలు రాస్తే సరిపోదా?

రాజ్యలక్ష్మి: రాయకూడదు. నా సంచిలో పట్టుకారు ఉంది. చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి, నలపకూడదు. అయిదింటికి బయలుదేరుదాం. కారు నేను నడుపుతాను.

శేషగిరిరావు: అదొక్కటీ బాగుంది, ముందు సీటులో నేను కునుకు తీస్తాను.

రాజ్యలక్ష్మి: వెనక కూర్చుంటే బ్రూనోకు వాంతులవుతాయి, ముందు సీటు దానిది. మీరు వెనక గంపల మధ్య కూర్చుని, పైవరస కాయలు నలగకుండా చేత్తో పట్టుకోండి.

శేషగిరిరావు: నాకూ వెనక కూర్చుంటే వాంతులవుతాయి!

రాజ్యలక్ష్మి: మీ మాత్రలు తెచ్చానని ఇందాకే చెప్పాను.