ముందు చెరిపేసి, ఆనక విచారణా?

2025 సెప్టెంబర్ 18, గురువారం నాడు ఢిల్లీలోని రోహిణి జిల్లా కోర్టు నలుగురు జర్నలిస్టులకు ఊరటనిచ్చింది. అదానీ ఎంటర్‌ప్రైజెస్ వేసిన పరువు నష్టం దావాలో ఆ నెల 6న, కంపెనీ మీద రాసినవి తీసేయమని కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వు వాళ్ల వరకు చెల్లదని కొట్టేసింది. సంతోషం. కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మంగళవారం నాడే కేంద్ర సమాచార, ప్రసార శాఖ 138 యూట్యూబ్ లింకులు, 83 ఇన్‌స్టాగ్రామ్ లింకులు జాబితా కట్టి, కోర్టు ఉత్తర్వు ప్రకారం చర్య తీసుకుని 36 గంటల్లో తమకు చెప్పమని నోటీసులు పంపింది. అందులో వార్తా సంస్థలున్నాయి. సొంత చానెళ్లు నడుపుకునే జర్నలిస్టులున్నారు. వ్యంగ్యమే వృత్తిగా బతికేవాళ్లూ ఉన్నారు. మంత్రిత్వ శాఖకు అందరూ ఒకటే అయ్యారు.

అబద్ధపు రాతలతో తమ పరువు తీస్తున్నారన్నది కంపెనీ ఫిర్యాదు. కంపెనీకీ దాని విమర్శకులకూ మధ్య ఉన్న ఆరోపణల్లో ఏది నిజమో తేల్చేది మేం కాదు, అది కోర్టు పని. మా అభ్యంతరం ఒక్కటే. ఆ తేల్చడమేదో తేల్చకముందే చెరిపేయడం ఏమిటి?

6వ తేదీ ఉత్తర్వు ఎలా వచ్చిందో చూడండి. అవతలి పక్షం కోర్టులో లేదు. వాళ్ల మాట ఎవరూ వినలేదు. రాసింది ఐదు రోజుల్లో తీసేయాలన్నారు. ఉత్తర్వు పేర్లున్నవాళ్లతో ఆగలేదు, పేరు తెలియని ‘ఎవరైనా’ అన్నారు. అంతకన్నా దారుణం ఇంకోటుంది. ఇకముందు కంపెనీకి అభ్యంతరంగా కనిపించే లింకులను కంపెనీయే పట్టుకుని ప్లాట్‌ఫాంలకో ప్రభుత్వానికో పంపుకోవచ్చు, వాళ్లు 36 గంటల్లో తీసేయాలి. అంటే ఏది పరువు తీసే బొమ్మ, ఏది కాదు అన్న నిర్ణయం జడ్జి చేతిలోంచి కంపెనీ లాయరు చేతికి పోయింది. సంపాదకుల సంఘం ఎడిటర్స్ గిల్డ్ ఆందోళన చెందింది కూడా ఇందుకే.

గురువారం నాటి తీర్పులో జడ్జి అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు. ఈ కథనాలు చాలాకాలంగా జనం ముందు ఉన్నవే కదా, రాసినవాళ్లను పిలిచి వినకుండానే ఉత్తర్వు ఇవ్వడానికి వచ్చిన తొందరేమిటి? రేపు విచారణలో వీటిలో తప్పేమీ లేదని తేలితే, తీసేసినవాటిని మళ్లీ ఎలా తెస్తారు? ఈ రెండో ప్రశ్న దగ్గరే మేం ఆగుతున్నాం. పత్రిక నడిపేవాళ్లకు దీని బరువు తెలుసు. వార్తకు ఒక రోజుంటుంది. ఎన్నికల ముందు గీసిన కార్టూన్ ఎన్నికలయ్యాక తిరిగొస్తే చూసేదెవరు? జనం మాట్లాడుకుంటున్నప్పుడు మాయమై, మూడేళ్ల తర్వాత కోర్టు దయవల్ల ప్రత్యక్షమైన పోస్టు చచ్చిన పోస్టే.

సుప్రీంకోర్టు ఈ మాట ఏనాడో చెప్పింది. 2024 మార్చిలో టీవీ సంస్థ జీ, వార్తా సంస్థ బ్లూమ్‌బర్గ్ మధ్య నడిచిన కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ బెంచ్ సరిగ్గా ఇలాంటి ఉత్తర్వునే కొట్టేసింది. విచారణకు ముందే ప్రచురణను ఆపేస్తే అది ఆ రాతకు మరణశిక్షతో సమానమని హెచ్చరించింది. డబ్బున్న సంస్థలు దావాలను నోరు నొక్కడానికి వాడే పద్ధతినీ ప్రస్తావించింది. అదీ ఢిల్లీ కింది కోర్టు ఉత్తర్వు మీద వచ్చిన తీర్పే. ఏడాదిన్నర తిరగకుండా అదే నగరంలో మళ్లీ అదే ఉత్తర్వు. సుప్రీంకోర్టు మాట కింది కోర్టు గుమ్మం దాటి లోపలికి వెళ్లకపోతే ఇక మామూలు మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

కంపెనీలకూ పరువు ఉంటుంది, అబద్ధపు ప్రచారంతో షేర్లు పడిపోతే చిన్న మదుపుదారులు నష్టపోతారు అనే వాదన ఉంది. నిజమే, అందుకే చట్టంలో పరిహారం ఉంది. అబద్ధమని నిరూపించి, కోర్టు ఎంతంటే అంత వసూలు చేసుకోవచ్చు. నిరూపించిన తర్వాత. ముందు కాదు.

ఈ తేడా మన కోర్టులకు తెలియనిది కాదు. 2011లో ఢిల్లీ హైకోర్టు తేల్చిన, అక్కడ నడిచిన తాబేళ్ల కేసు ఇప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఒడిశాలోని ధామ్రాలో టాటా స్టీల్, ఎల్ అండ్ టీ కలిసి రేవు కడుతున్న రోజులవి. అక్కడికి దగ్గర్లోనే గహిర్మాథా తీరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల సంఖ్యలో వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే చోటు. ఆ తాబేళ్లు మనకూ కొత్తవారు కాదు. ఏటా చలికాలం చివర విశాఖ బీచ్‌లోనూ, కాకినాడ హోప్ ఐలాండ్‌లోనూ, శ్రీకాకుళం తీరంలోనూ రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్తాయి. వలల్లో చిక్కి చచ్చినవి తెల్లారేసరికి ఒడ్డుకు కొట్టుకొస్తే మన జాలర్లే ముందు చూస్తారు.

రేవును వ్యతిరేకిస్తూ పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ 2010లో ఇంటర్నెట్‌లో ఒక చిన్న ఆట పెట్టింది. పాతకాలం ప్యాక్‌మ్యాన్ ఆట లాంటిదే. తెర మీద పసుపు పచ్చ తాబేలు తెల్ల చుక్కలు తింటూ పరిగెత్తాలి. వెనక తరిమేది టాటా రాక్షసులు. వృత్తంలో ‘టి’ ఉన్న టాటా గుర్తు కూడా ఆటలో ఉంది. కంపెనీకి కోపం వచ్చింది. రేవు పనుల్లో తాబేళ్లకు హాని జరగకుండా నిపుణుల సలహాలు తీసుకున్నామని, ఇది పచ్చి దుష్ప్రచారమని అంది. మా లోగో మాకు ఆస్తి, దాన్ని రాక్షసుడిగా చూపడానికి వీల్లేదంటూ పది కోట్ల రూపాయల దావా వేసింది, ఆట వెంటనే తీసేయించమంది.

2011 జనవరి 28న జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ తీసేయించడానికి ఒప్పుకోలేదు. లోగోకి చట్టం ఇచ్చే రక్షణ సరుకు అమ్ముకోవడం కోసం. ఆ కంపెనీ చేసే పనిని విమర్శించడానికి, ఎగతాళి చేయడానికి లోగోను వాడితే అది దొంగ సరుకు అమ్మడం అవదు. పరువు నష్టం మాటకొస్తే, రాసినవాడు తన మాటను సమర్థించుకుంటానని చెబుతున్నప్పుడు విచారణకు ముందే నోరు మూయించకూడదన్నది 1891 నాటి ఇంగ్లండ్ తీర్పు నుంచి వస్తున్న సూత్రం. ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కువమంది చూస్తారు కాబట్టి కొలత మార్చాలన్న వాదనను కూడా ఆయన తోసిపుచ్చారు. కాగితానికీ తెరకూ ఒకే కొలత అన్నారు. ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకా ఏం చెప్పాలి?

అదే ధామ్రా రేవును 2014లో అదానీ పోర్ట్స్ కొనుక్కుంది. ఇవాళ ఎవరైనా ఆ రేవు మీద, ఆ తాబేళ్ల మీద ఒక బొమ్మ గీసి పెడితే ఏ కొలత వర్తిస్తుంది? 2011లో హైకోర్టు చెప్పిందా, 2025 సెప్టెంబర్ 6న రోహిణిలో కింది కోర్టు రాసిందా? కంపెనీ మారితే కొలత మారుతుందా? పైకోర్టులు కట్టిన గట్టును కింద ఒక్కచోట తెగ్గొడితే చాలు, ఆ గండిలోంచి ప్రతి కంపెనీ దూరుతుంది. మా భయమంతా అదే.

ఎందుకంటే పెద్ద కంపెనీకి దొరికిన దారి చిన్న కంపెనీకి తెలియకుండా ఉండదు. పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు చెరువులో చేపలు చచ్చి తేలాయనుకోండి. ఊళ్లో కుర్రాడెవరో ఫోన్‌లో ఫొటో తీసి, ఫ్యాక్టరీ బోర్డు పక్కన ఒక పుర్రె బొమ్మ అతికించి పోస్టు పెడతాడు. అతని మీదికి హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో లాయరు నోటీసు వస్తుంది. పది కోట్లు, ఇరవై కోట్లు అని అంకెలు ఉంటాయి. ఇంట్లో తల్లిదండ్రులు ఆ కాగితం చూసి వణికిపోతారు. మనకెందుకురా ఈ గొడవ, తీసెయ్ అంటారు. వాడు తీసేస్తాడు. కేసు ఉండదు, తీర్పు ఉండదు, వార్త కూడా ఉండదు. చెరువులో నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి. ప్రైవేటు ఆస్పత్రి బిల్లు మీద మీమ్ పెట్టినవాడికీ ఇదే గతి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ అన్నం ఫొటో పెట్టిన పిల్లకూ, ప్లాటు అమ్మి ఎగ్గొట్టిన రియల్ ఎస్టేట్ సంస్థ లోగో మీద ఎర్ర గీత గీసినవాడికీ ఇదే గతి. ఢిల్లీ జర్నలిస్టులకు లాయర్లు దొరికారు, పన్నెండు రోజుల్లో పైకోర్టుకు వెళ్లగలిగారు. ఆ కుర్రాడికి ఎవరున్నారు?

కంపెనీలకు ఈ దారి ఇంత సులువవడానికి కారణం ఓడినా వాళ్లకు పోయేదేమీ లేకపోవడం. అమెరికాలో ఒక కేసు చెప్తాం. బార్బీ బొమ్మలను మిక్సీలో, వంటపాత్రల్లో పెట్టి ఫొటోలు తీశాడని టామ్ ఫోర్సైత్ అనే ఫొటోగ్రాఫర్ మీద ఆ బొమ్మలు తయారుచేసే మాటెల్ కంపెనీ 1999లో దావా వేసింది. మొత్తం 78 ఫొటోలు. వాటి మీద ఆయనకు నాలుగు వేల డాలర్లు కూడా రాలేదు. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండే ఫొటోలే, చాలామందికి నచ్చవు. అయినా 2003లో అప్పీలు కోర్టు అది విమర్శే, అందుకు హక్కుందని తేల్చింది. అక్కడితో ఆగలేదు. మరుసటి ఏడాది ఆయన లాయర్ల ఫీజులు, ఖర్చుల కింద 18 లక్షల డాలర్లకు పైగా మాటెల్ కట్టాలని కోర్టు ఆదేశించింది. మన దగ్గర కూడా ఉత్తుత్తి దావా వేసిన కంపెనీ నుంచి అవతలివాడి ఖర్చంతా వసూలు చేస్తే, బెదిరింపు నోటీసు మీద సంతకం పెట్టే ముందు లాయరు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఇక మంత్రిత్వ శాఖ. ఒక ప్రైవేటు కంపెనీ కొందరు పౌరుల మీద వేసిన సివిల్ దావా ఇది. ఉత్తర్వు అమలు కాకపోతే కంపెనీ మళ్లీ కోర్టుకు వెళ్లి అడుక్కోవాలి. మధ్యలో కేంద్ర ప్రభుత్వం జాబితా పట్టుకుని తిరగడం ఏమిటి? గ్రామంలో భూమి గొడవలో ఇంజంక్షన్ తెచ్చుకున్న రైతు కోసం ఢిల్లీ మంత్రిత్వ శాఖ ఏనాడైనా 36 గంటల గడువు పెట్టిందా? కోర్టు డిక్రీ చేతిలో పెట్టుకుని ఏళ్లతరబడి దాన్ని అమలు చేసే కోర్టు అమీనా చుట్టూ తిరిగే మామూలు మనుషులు ఈ దేశంలో కోట్లమంది. వాళ్లకు లేని సేవ ఒక్క కంపెనీకి ఎందుకు? జనం పన్నులతో జీతాలు తీసుకునే అధికారులు జనం గొంతు నొక్కే కాగితం మోయడం సిగ్గుచేటు.

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లకూ ఒక మాట. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేస్తూ ఈ ప్లాట్‌ఫాంలకు ఒక కవచం ఇచ్చింది. కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో ఉంటే తప్ప, ఎవరో ఫిర్యాదు చేశారని తీసేయక్కర్లేదని చెప్పింది. ఆ కవచం వాళ్ల వ్యాపారం కోసం ఇచ్చింది కాదు, మాట్లాడేవాళ్ల కోసం ఇచ్చింది. నోటీసు అందగానే పోస్టు పెట్టినవాళ్లకు ఒక ఈమెయిల్ పడేసి చేతులు దులుపుకోవడానికి కాదు. వాళ్లకున్న లాయర్లు ఏ దేశంలో ఏ కంపెనీకి ఉన్నారు? ఒక్కసారైనా కోర్టుకెళ్లి, మా వినియోగదారుడి మాట వినకుండా తీసేయలేం అని చెప్పొచ్చు కదా!

గురువారం నాటి ఊరట నలుగురికే. జాబితాలో మిగిలినవాళ్ల సంగతి? ఒక్కొక్కరూ విడిగా లాయరును పెట్టుకుని, విడిగా రోహిణి మెట్లెక్కి, విడిగా నిరూపించుకోవాలా? మంత్రిత్వ శాఖ తన నోటీసును ఈ రోజే వెనక్కి తీసుకోవాలి. జాబితాలోని 221 లింకుల్లో ఎన్ని తీసేశారో, ఎన్ని తిరిగి పెట్టారో జనానికి లెక్క చెప్పాలి. కంపెనీ తన వాదనలో బలముందని నమ్మితే, అవతలివాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని సాక్ష్యాలతో కోర్టులో నిలబడాలి. వేల కోట్ల ఆస్తి ఉన్న సంస్థ ఒక ఇన్‌స్టాగ్రామ్ బొమ్మకు భయపడి, అవతలివాడు లేని సమయం చూసి కోర్టుకు వెళ్లింది. ఆ పని చేసినవాళ్లు పరువు గురించి మాట్లాడకూడదు.