పక్కవాడి కులం తెలియని కాలేజీ ఎక్కడుండేది?

ఈ వారంలోనే ఒకే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆపైన మా పెద్దమ్మ దగ్గర్నుంచి, నిన్న రాత్రి నేనెంతో గౌరవించే ఒక లెక్చరర్ గారి దగ్గర్నుంచి. "1940ల్లో, 50ల్లో కాలేజీ జీవితం ఎలా ఉండేదో మీకు తెలుసా?" అని మొదలవుతుంది. మతసంఘాలు లేవట. రాజకీయాలు గేటు దాటి లోపలికి రాలేదట. ఉన్నవల్లా సాహితీ సంఘం, వక్తృత్వ పోటీలు, నాటకాలట. పక్కన కూర్చున్నవాడి కులమేదో మతమేదో ఎవరికీ తెలియదట. రిజర్వేషన్లు వచ్చాకే ఇదంతా పాడైందట. చివర్లో రెండు దండాల బొమ్మలు, "పదిమందికి పంపండి" అని ఒక మాట.

మిగతావాళ్ళు పంపితే వదిలేసేదాన్ని. లెక్చరర్ గారు పంపారంటే ఆయన దగ్గర చదువుకున్న వందలమంది నమ్ముతారు. అందుకే రాస్తున్నాను.

అందరూ సైకిళ్ళ మీద వచ్చేవారు, తెల్ల పంచెలు కట్టేవారు, మాస్టారు కనబడితే లేచి నిలబడేవారు అన్న మాటలతో నాకు పేచీ లేదు. ముందుకు వెళ్దాం.

రాజకీయాలు లేవన్న మాట. అఖిల భారత విద్యార్థి సమాఖ్య పుట్టింది 1936 ఆగస్టులో, లక్నోలో. ఆ సభను ప్రారంభించింది నెహ్రూ, అధ్యక్షత వహించింది జిన్నా. ఆ ఇద్దరూ ఒకే విద్యార్థి వేదిక మీద కూర్చున్నారంటే ఆ రోజుల్లో కాలేజీ కుర్రాళ్ళ కోసం పార్టీలు ఎంతగా పోటీపడ్డాయో తెలుస్తుంది. 1942లో క్లాసులు వదిలి జైళ్ళకు వెళ్ళింది ఎవరు? ఇక 1952 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో, ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) ఇవ్వాలంటూ ముల్కీ ఉద్యమం నడిపింది విద్యార్థులే. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ చావులను "అప్పట్లో రాజకీయాలు లేవు" అనే ఒక్క ముక్కతో తుడిచేస్తారా?

మతం సంగతి. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ మన దేశంలో 1912 నుంచి ఉంది. ముస్లిం విద్యార్థి సమాఖ్య 1937లో వచ్చింది. ఆరెస్సెస్ అనుబంధ అఖిల భారతీయ విద్యార్థి పరిషత్ (ఏబీవీపీ) 1949లో రిజిస్టర్ అయింది. ఇవన్నీ మెసేజ్ చెప్పే "మతసంఘాలు లేని" కాలంలోనివే. మచిలీపట్నం నోబుల్ కాలేజీ, గుంటూరు ఏసీ కాలేజీ లాంటి వాటిని పెట్టింది మిషనరీలు. అక్కడ బైబిల్ చదువు టైంటేబుల్లో భాగం. ఉస్మానియాలో ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతావాళ్ళకు నీతిశాస్త్రం చెప్పేవారు. అంటే క్లాసు గదిలోనే మతాన్నిబట్టి విడిపోయేవారు. పక్కవాడి మతం తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ ఉస్మానియాలోనే 1938 చివర్లో హాస్టల్ ప్రార్థన గదిలో వందేమాతరం పాడటం గురించి గొడవ మొదలైంది. అధికారులు వద్దన్నారు, పిల్లలు వినలేదు. సమ్మె వరంగల్ లాంటి ఊళ్ళకూ పాకింది. వందలమందిని బహిష్కరించారు. వాళ్ళలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంటే అక్కడికి వెళ్ళి చదువు ముగించారు. పీవీ నరసింహారావు ఆ ఉద్యమంలో ఉన్నవారే. అందులో మతం ఎంత, దేశభక్తి ఎంత, నిజాం పాలన మీద కోపం ఎంత అని విడదీయడం కష్టం. గొడవ పుట్టిన చోటు మాత్రం ప్రార్థన గది. మన రాష్ట్రాల్లోనే ఇంత పెద్ద సంఘటన జరిగితే, దాన్ని కూడా మర్చిపోయిన మెసేజ్‌ని చరిత్ర అని పంచుకుంటున్నాం.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన మాటకు వస్తాను. "కులం ఎవరికీ తెలియదు, రిజర్వేషన్లు వచ్చాకే వచ్చింది."

అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగ్ కాలేజీల సీట్లు కమ్యూనల్ జీవో అనే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం కులమతాలవారీగా పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. దరఖాస్తులో కులం, మతం రాయకుండా సీటు అడిగే వీలే లేదు. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది, ఆ వెంటనే, వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లు ఇవ్వడానికి వీలుగా రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చింది. మెసేజ్ ఏ కాలాన్ని కులం లేని కాలం అంటోందో, ఆ కాలంలో లెక్క సరిగ్గా ఇలా ఉంది.

సీటు వచ్చాక ఎక్కడ ఉండేవారు? హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లోనే మొదలైంది. కోస్తా పట్టణాల్లో కమ్మ హాస్టళ్ళు, వైశ్య హాస్టళ్ళు, బ్రాహ్మణ హాస్టళ్ళు ఉండేవి. పక్కవాడి కులం తెలియదట! అతను పొద్దున్నే ఏ గేటులోంచి బయటికొస్తున్నాడో చూడలేదా? ఆ గేటు మీది బోర్డు చదవడం రాదా? పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళకు ఆ ఒక్క మాట కనబడలేదా?

మా తాతయ్య 1950ల్లో గుంటూరు జిల్లాలో ఇలాంటి హాస్టల్లోనే ఉండి చదువుకున్నారు. పేరు చెప్పను. ఆయన క్లాసులో ఒక దళిత విద్యార్థి ఉండేవాడు, లెక్కల్లో అందరికన్నా ముందు. అతను ఊరి చివర హరిజన హాస్టల్లో ఉండేవాడు. సాయంత్రం లెక్కలు చెప్పించుకోవడానికి తాతయ్యే నడిచి అక్కడికి వెళ్ళేవారు, ఎందుకంటే అతను తాతయ్య హాస్టల్ లోపలికి రాకూడదు. వంటమనిషి ఒప్పుకునేవాడు కాదు, వార్డెన్ ఒప్పుకునేవాడు కాదు. మూడేళ్ళు అలాగే గడిచింది. ఒక్కసారి కూడా అతనికి తన గదిలో భోజనం పెట్టలేకపోయానని తాతయ్య తొంభై దాటాక కూడా చెప్పుకుని బాధపడేవారు. ఇద్దరూ ఒకే వక్తృత్వ సంఘంలో సభ్యులు. సంఘం ఫోటోలో పక్కపక్కనే నిలబడ్డారు. ఆ ఫోటో చూసి, "ఎంత చక్కగా కలిసిమెలిసి ఉండేవారో" అని ఎవరైనా మెసేజ్ తయారుచేయగలరు.

కులం తెలియకపోవడం అనేది అడగాల్సిన అవసరం లేనివాళ్ళ జ్ఞాపకం. అడిగించుకున్నవాళ్ళకు అంతా గుర్తుంది.

ఇంత చెప్పాక ఒప్పుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఆ కుల హాస్టళ్ళే లేకపోతే పల్లెల నుంచి వచ్చిన వేలమంది కాలేజీ మెట్లు ఎక్కేవారు కాదు, మా తాతయ్యతో సహా. మిషన్ కాలేజీల మీద ఎంత విమర్శ ఉన్నా, అవి లేకుండా కోస్తాలో ఆధునిక విద్య కథ చెప్పలేం. మతం క్యాంపస్‌లో ఉండటమే తప్పని కూడా నేను అనను. బ్రహ్మసమాజి రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉండగా ఆడపిల్లలను, దళిత విద్యార్థులను చేర్చుకున్నారు. ఆయనకు ఆ ధైర్యం ఇచ్చింది ఆయన నమ్మిన మతమే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949లో నివేదిక ఇచ్చింది. రోజూ కాసేపు మౌనధ్యానంతో పని మొదలుపెట్టాలని, మొదటి సంవత్సరం బుద్ధుడు, ఏసు లాంటి మహనీయుల జీవితాలు చెప్పాలని అందులో సూచించారు. ఆ కాలపు పెద్దలు మతాన్ని కాలేజీ బయట పెట్టాలనుకోలేదు. ఒకే మతాన్ని అందరిమీదా రుద్దకుండా లోపల ఎలా ఉంచాలా అని తలలు పట్టుకున్నారు.

లెక్చరర్ గారికి ఇదంతా రాత్రే పంపాను. "మా నాన్నగారు కూడా హాస్టల్లోనే చదివారమ్మా, ఏ హాస్టలో ఎప్పుడూ అడగలేదు" అని పొద్దున్న జవాబిచ్చారు. ఆ మెసేజ్‌ని గ్రూపులోంచి తీసేశారు.