తప్పు దొర్లితే ఆ నవ్వెందుకు?

నిన్న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంగ్లీషు శిక్షణ కేంద్రానికి మా తమ్ముడి కూతురిని తీసుకురావడానికి వెళ్లాను. పిల్ల లేచి ఇంగ్లీషులో తన గురించి చెప్పుకుంటోంది. రెండో వాక్యంలో ఒక ‘ది’ జారిపోయింది. వెనక వరుస కిసుక్కుమంది. పిల్ల కూర్చుంది. మళ్లీ లేవలేదు.

ఏమిటా నవ్వు? ‘ఎ’, ‘యాన్’, ‘ది’లకు సరిసమానమైన మాటలే తెలుగులో లేవు. లేనిదాన్ని నాలుక ఎక్కడి నుంచి తెస్తుంది? మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే బస్ మన నోట బస్సు అయింది. ఇంగ్లీషులో ‘వి’ వేరు, ‘డబ్ల్యూ’ వేరు. మనకున్నది ఒక్క ‘వ’. ఇవన్నీ సాధనతో దిద్దుకునేవి. ఈ మాట పాఠం చెప్పేవారు చెప్పవద్దా? నవ్వేవాళ్లను ఆపవద్దా?

వేలకు వేలు కట్టించుకుని నాలుగు పరిచయ వాక్యాలు బట్టీ పట్టిస్తారు. అవి దాటి ఒక్క ప్రశ్న అడిగితే నీళ్లు నమలడమే! ఇక ఈమెయిళ్లు. ఏం కావాలో, ఎప్పటికి కావాలో రాయరు. చివర ‘డూ ది నీడ్‌ఫుల్’, అంటే ‘అవసరమైనది చేయండి’ అని పడేస్తారు. చదివినవాడు ఏం చేయాలి?

బందరు రోడ్డులో బోర్డు: ముప్పై రోజుల్లో ఇంగ్లీషు. ముప్పై రోజుల్లో ఏ భాష వచ్చింది, ఎవరికి వచ్చింది?

రాత్రి అన్నం దగ్గర ఆ పిల్ల మెల్లగా అడిగింది: “పెదనాన్నా, రేపు క్లాసుకు వెళ్లకపోతే ఏమవుతుంది?”