కల అంత స్పష్టంగా వచ్చిందంటే ముందు నిద్ర సంగతి చూడాలి

కళ్లకు కట్టినట్టు ఒక కల వచ్చి ఉలిక్కిపడి లేస్తే ఎవరికైనా ముందు పుట్టే ప్రశ్న, దీనర్థం ఏమిటని. ఫోన్లో వెతుకుతారు, ఇంట్లోవాళ్లను అడుగుతారు, ఏదో జరగబోతోందని రోజంతా బెంగపెట్టుకుంటారు. ఈ నాలుగైదు రోజులుగా సరిగ్గా నిద్రపోతున్నానా అని మాత్రం ఎవరూ ఆలోచించరు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే. కలలో నడిచిన కథ కన్నా, అది అంత బలంగా ఎందుకొచ్చింది, ఎందుకు గుర్తుండిపోయింది అన్నదే మన గురించి ఎక్కువ చెబుతుంది.

1950ల మొదట్లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుకు తలకు, కళ్ల పక్కన తీగలు అంటించి, ఒక పాత యంత్రం ముందు రాత్రంతా కాపలా కూర్చున్నాడు. కాగితం మీద నిదానంగా గీతలు గీస్తున్న పెన్నులు ఉన్నట్టుండి అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పిల్లాడు లేచాడేమోనని వెళ్లి చూస్తే ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం చకచకా కదులుతున్నాయి. గురువు నథానియెల్ క్లైట్‌మన్‌తో కలిసి 1953లో ఆయన ప్రచురించిన పరిశోధనతోనే రెమ్ నిద్ర (ర్యాపిడ్ ఐ మూవ్‌మెంట్, అంటే కనుగుడ్లు వేగంగా కదిలే నిద్ర) అనే దశ లోకానికి తెలిసింది. ఆ దశలో తట్టి లేపితే చాలామంది, ఇప్పుడే కల వస్తోందని చెప్పారు. నిద్రలో మెదడు ఊరికే విశ్రాంతి తీసుకుంటుందన్న నమ్మకం అక్కడితో పోయింది.

రాత్రి నిద్ర సుమారు 90 నిమిషాలకొక ఆవృత్తిగా సాగుతుంది. మొదటి ఆవృత్తుల్లో గాఢనిద్రదే పైచేయి, రెమ్ కొద్ది నిమిషాలే. తెల్లవారేకొద్దీ గాఢనిద్ర తగ్గి రెమ్ విడతలు పొడవవుతాయి. తెల్లవారుజాము కలలు అంత పొడుగ్గా, అంత వివరంగా ఉండటానికి కారణం ఇదే తప్ప ఆ వేళకు వేరే మహిమ ఏమీ లేదు.

ఈ దశలో మెదడు పనితీరు చూస్తే కలల వింత సగం విడిపోతుంది. భయం, ఆందోళన లాంటి ఉద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా అనే మెదడు భాగం బాగా చురుగ్గా ఉంటుంది. నుదుటి వెనక తర్కాన్ని, నిదానాన్ని చూసుకునే భాగం మందగిస్తుంది. ఎప్పుడో చనిపోయిన తాతయ్య పరీక్ష హాల్లో పక్క బల్ల మీద కూర్చుని రాస్తున్నా మనకు అనుమానం రాదు, ఎందుకంటే అనుమానించాల్సిన భాగమే పూర్తిగా మేలుకొని లేదు. భయం మాత్రం నిఖార్సైనది. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది. కలలు రెమ్‌లోనే వస్తాయని కాదు, మిగతా దశల్లోనూ వస్తాయి. కానీ కథలా సాగి, రంగులతో, ఉద్వేగంతో మనిషిని ముంచెత్తేవి ఎక్కువగా ఇక్కడివే.

నిద్ర ఎగ్గొడితే ఏమవుతుందో 1960లోనే నిద్ర పరిశోధకుడు విలియం డిమెంట్ చూపించాడు. రెమ్ మొదలైన ప్రతిసారీ మనుషుల్ని లేపేస్తూ పోయాడు. రాత్రులు గడిచేకొద్దీ మరిన్నిసార్లు లేపాల్సి వచ్చింది, ఎందుకంటే మెదడు పదేపదే రెమ్‌లోకే దూరబోయింది. చివరికి హాయిగా పడుకోనిస్తే మామూలు కన్నా ఎక్కువ రెమ్ నిద్రపోయారు. ఆరోజు రాని దాన్ని మెదడు అప్పు కింద రాసుకుని తర్వాత వసూలు చేసుకుంటుందన్నమాట. వారమంతా అయిదు గంటలే పడుకుని సెలవురోజు పొద్దెక్కేదాకా నిద్రపోయేవారికి విచిత్రమైన కలలు ముంచుకొచ్చేది ఇందుకే. మద్యం విషయమూ అంతే. తాగి పడుకుంటే రాత్రి మొదటి సగంలో రెమ్ అణిగిపోతుంది, మత్తు దిగాక రెండో సగంలో ఎగదన్నుకొస్తుంది. డిప్రెషన్‌కు వాడే మందుల్లో చాలావరకు రెమ్‌ను తగ్గిస్తాయి. వాటిని ఒక్కసారిగా మానేసినవారిని భయంకరమైన కలలు చుట్టుముట్టవచ్చు. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లతోనూ పీడకలలు వస్తాయి. ఇన్ని మామూలు కారణాలు ఉండగా, పళ్లు రాలినట్టు కల వస్తే ఇంట్లో ఎవరికేమవుతుందోనని ఒక మనిషి వణికిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గుర్తుండటం వేరే సంగతి. కల జరుగుతుండగానో, అయిన వెంటనేనో మెలకువ వస్తేనే అది నిలుస్తుంది. నాకు రాత్రంతా కలలేనని చెప్పేవాళ్లలో కొందరికి అసలు సమస్య మాటిమాటికీ మెలకువ రావడం. గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి లేచే స్లీప్ ఆప్నియా ఉన్నవారు కూడా పీడకలల గురించి ఫిర్యాదు చేస్తుంటారు.

అలాగని కలలో మనసు పాత్రే లేదంటే ఒప్పుకోను. ప్రతి కలా అణచుకున్న కోరికకు మారువేషమని 1900 ప్రాంతంలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ వాదించాడు. మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే అడుగు భాగం) నుంచి వచ్చే సంకేతాలను ఎలాగోలా కథగా కుట్టే ప్రయత్నమే కల అని 1977లో హాబ్సన్, మెకార్లీ అనే పరిశోధకులు ఎదురు నిలిచారు. రెండూ అతిగానే అనిపిస్తాయి. 2000లో నిద్ర పరిశోధకుడు రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొందరితో టెట్రిస్ అనే, పడుతున్న ముక్కలను పేర్చే కంప్యూటర్ ఆట ఆడించింది. నిద్ర పట్టే క్షణాల్లో వాళ్లకు పై నుంచి పడే ముక్కలు కనిపించాయి. జ్ఞాపకశక్తి దెబ్బతిని, అసలు ఆట ఆడిన సంగతే గుర్తులేనివాళ్లలో కొందరికీ అవే కనిపించాయి. మనం మరిచినదాన్ని కూడా మెదడు నెమరేస్తూనే ఉంటుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2020 కోవిడ్ కాలంలో అనేక దేశాల్లో జనం కలలు ఎక్కువయ్యాయని, గాఢంగా ఉన్నాయని చెప్పారు. లాక్‌డౌన్‌లో పొద్దెక్కేదాకా పడుకోవడం వల్ల రెమ్ నిద్రకు వీలు చిక్కింది, కలత నిద్ర వల్ల కలలు గుర్తుండిపోయాయి, వాటిలో నిండిన భయం మాత్రం పగలు అనుభవిస్తున్నదే. నిద్ర వేదిక కడితే మనసు దాని మీద తన బరువు దించుకుంది.

అందుకే, నిద్ర వేళలు, మందులు, మద్యం అన్నీ సరిచూసుకున్నాక కూడా ఒకే పీడకల వెంటాడుతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి ఇమేజరీ రిహార్సల్ థెరపీ అనే పద్ధతి ఉంది. వచ్చిన కలను కాగితం మీద రాసి, దాన్ని తమకు నచ్చినట్టు మార్చుకుని, ఆ కొత్త కథను రోజూ మెలకువలో కొన్ని నిమిషాలు మనసులో నడిపించుకోవాలి. ఎవరో తరుముతుంటే పరిగెత్తే కల అయితే, తరిమేవాణ్ని ఆపి నిలదీసినట్టో, తలుపు తెరిచి వెలుతురులోకి నడిచినట్టో తిరగరాసుకోవచ్చు. కలకు అర్థం చెప్పాల్సిన అవసరమే ఉండదు. లైంగిక హింసకు గురై ఏళ్లతరబడి పీడకలలతో నలిగిన మహిళలపై బారీ క్రాకో బృందం జరిపిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. వాళ్లకు పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది, పగటిపూట వేధించే ఆందోళన లక్షణాలు కూడా వెనక్కి తగ్గాయి. పీడకలలకు చికిత్స ఉందన్న సంగతే తెలియక, డాక్టరు ముందు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి వచ్చేసేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.