సర్దుకుపో వైద్యశాల

మన దగ్గర మానసిక ఆరోగ్య సేవలు సరిపడా లేవని కొందరు తెగ బాధపడుతున్నారు. నాకైతే ఈ మాట మింగుడుపడటం లేదు. మా వీధిలో ఏ ఇంట్లో ఆడపిల్ల ఏడుపు వినిపించినా, పిలవకుండానే ఐదారుగురు కౌన్సెలర్లు వచ్చి వాలిపోతారు. ఫీజు తలా ఒక టీ.

మొన్న ఒక సిట్టింగ్ కళ్లారా చూశాను. అమ్మాయి కుడి మణికట్టు వాచి, కమిలి వంకాయ రంగుకు తిరిగింది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని అసలు ప్రశ్న వేశారు: "ముందు నువ్వేమన్నావమ్మా?" ఆ తర్వాత ఫ్యాను అబ్బాయి వైపు తిప్పించారు. పాపం, ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాడట. పది నిమిషాల్లో రోగం తేలింది: నోరు. మందు: సర్దుకుపో. మూడు పూటలా వేసుకోవాలి, పుట్టింటికి తెలియనివ్వకూడదు.

ఈ వైద్యం గొప్పతనానికి సర్కారు లెక్కే సాక్ష్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి వినిపించారు. చెప్పకుండా బయటికెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే... వీటిలో ఏదో ఒకదానికైనా మొగుడు కొట్టడం సబబేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్లే ఒప్పుకున్నారు. ఏ కార్పొరేట్ ఆస్పత్రికుందండీ ఈ సక్సెస్ రేటు?

అయినా ప్రభుత్వం పోటీకి దిగింది. 2005 నాటి గృహహింస చట్టంలో అర్జీని 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాసుకుంది. (వాయిదా కూడా ప్రయత్నమే కదా.) 2015 నుంచి సఖి కేంద్రాలు పెట్టింది. వైద్యం, పోలీసు, లాయరు, ఐదు రోజుల దాకా తలదాచుకునే చోటు, అన్నీ ఒకే కప్పు కింద. బస్సు ఉచితమే, ఎక్కడికెళ్తున్నావని అడిగేవాళ్లూ ఉచితమే. సాయానికి 181, మనసు బాగోలేకపోతే 14416 టెలీమానస్, రాత్రీ పగలూ పలుకుతాయి. ఫోను మాత్రం మొగుడి జేబులో ఉంటుంది.

అప్పటికీ డాక్టరు దగ్గరికి వెళ్తానంటే ఎర్రగడ్డ పేరెత్తితే చాలు. హైదరాబాద్‌లోని ఆ మానసిక ఆస్పత్రి ఎందరికి నయం చేసిందో గానీ, ఆ పేరుతో నోళ్లు మూయించిన ఘనత మాత్రం మనదే. పిచ్చిదన్న ముద్ర పడితే రేపు పిల్లల్ని నీకెవరిస్తారు?

చివరికి రాజీ కుదిరింది. "ఇంకోసారి జరగదు" అన్నాడు అబ్బాయి. ఇలా అనడం ఐదోసారి, తడబాటు లేకుండా బాగానే వచ్చింది. పెద్దలు తృప్తిగా లేచారు. మిగిలిన ఆరు టీ గ్లాసుల్ని అమ్మాయి ఎడమచేత్తో కడిగింది.