అరవై అయిదో కళ

మన పెద్దలు కళలు అరవై నాలుగని లెక్క తేల్చి, ఇక చాల్లెమ్మని పుస్తకం మూసేశారు. తొందరపడ్డారు. అరవై అయిదోది ఒకటుంది. మాండలిన్ ఎంచుకునే కళ. వాయించే కళ కాదు సుమా. అది ఆ అరవై నాలుగులోనే వాద్యాల పద్దు కింద ఎక్కడో పడి ఉంటుంది, ఓపికున్నవాళ్ళు చూసుకుంటారు. నేను మాట్లాడుతున్నది ఎంపిక గురించి. తొమ్మిదేళ్ళుగా నేను ఈ కళలో నిరంతర సాధకుణ్ణి. ఇంతవరకు నాలుగు మాండలిన్లు కొన్నాను, మూడువందల పైచిలుకు కొనకుండా వదిలేశాను. మోహన వర్ణం మాత్రం ఇంకా పల్లవి దాటలేదు.

ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చింది. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది ఆ పాలకొల్లులోనే, 1969లో. అంటే ఇద్దరం ఒకే గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం. ఆ నీళ్ళు ఆయనకు వేళ్ళలోకి దిగాయి, నాకు నాలుక మీదే ఆగిపోయాయి.

అయితే ఎంపిక శాస్త్రం వైపు నుంచి చూస్తే శ్రీనివాస్ గారిది పిల్లలకు చెప్పకూడని కథ. ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ ఇంట్లో ఉంటే తీసి వాయించడం మొదలుపెట్టాడట. అంతే. ఏ చెక్క, ఏ కంపెనీ, ఏ ఏడాది తయారీ అని ఒక్క ప్రశ్న లేదు. ఇక నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి అసలు మాండలిన్ వాయించడమే రాదు. ఆయన పాడేవారు, ఈ కుర్రాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. అంటే తొమ్మిదేళ్ళు నిండితే కచేరీ. నాకు అదే తొమ్మిదేళ్ళు తీగ మీటే పిక్ ఎంత మందం ఉండాలో తేల్చుకోవడానికి సరిపోయాయి. పోనీ తర్వాతైనా దారికొచ్చాడా అంటే అదీ లేదు. ఎనిమిది తీగల మాండలిన్ మీద గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, నిలవడం కష్టమని జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు బిగించి, కరెంటు తగిలించి వాయించాడు. వాద్యంలో లోపముంటే ఇంకో వాద్యం కొనాలన్న ప్రాథమిక సూత్రం కూడా ఆ మహానుభావుడు పాటించలేదు.

అమెరికాలోనూ ఇదే నిర్లక్ష్యం. బ్లూగ్రాస్ అనే అక్కడి పల్లె బాణీ సంగీతానికి పితామహుడని పేరు పొందిన బిల్ మన్రో చివరిదాకా వాయించిన మాండలిన్ ఎక్కడ కొన్నాడనుకున్నారు? మయామీలో ఒక సెలూన్‌లో. కిటికీలో కనబడితే 150 డాలర్లిచ్చి పట్టుకెళ్ళాడు. దాని లోపల కాగితం మీద లాయిడ్ లోర్ అనే ఆయన సంతకం, 1923 జులై 9 అని తేదీ. గిబ్సన్ కంపెనీలో 1920ల మొదట్లో రెండు మూడేళ్ళపాటు ఆయన స్వయంగా పరీక్షించి సంతకం చేసిన ఎఫ్5 మాండలిన్లు ఇవాళ లక్ష డాలర్లు దాటి పలుకుతాయి. ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి నేను ఏ సెలూన్‌కి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందు కిటికీలూ అలమరాలూ చూస్తున్నాను. మా కూకట్‌పల్లి వైపు ఇంతవరకు ఒక పాత హార్మోనియం పెట్టె, రెండు కేరంబోర్డులు కనిపించాయి. వెతుకులాట కొనసాగుతోంది.

ఇప్పుడు మొదటి పాఠం. మాండలిన్లు ప్రధానంగా మూడు కులాలు. ఇటలీలో నేపుల్స్ వైపు పుట్టింది గుండ్రటి వీపుది. చూడ్డానికి నిలువుగా కోసిన బొప్పాయిలా ఉంటుంది. పొట్టలేని ఇటాలియన్ల కోసం చేసింది కాబోలు, నా పొట్టా దాని పొట్టా ఎదురైతే అదే మర్యాదగా కిందికి జారిపోతుంది. రెండోది ఎ రకం, కన్నీటి చుక్క ఆకారం. మూడోది ఎఫ్ రకం. దానికి భుజం దగ్గర నత్తలా చుట్టుకున్న చెక్క చుట్ట ఒకటుంటుంది. ఆ చుట్ట చెక్కడానికి పనివాడికి రోజులు పడుతుంది, అందుకని అదే తరగతి ఎ రకం కన్నా ధర బాగా ఎక్కువ. మరి దానివల్ల నాదంలో తేడా ఏమిటంటే, చెవులున్నవాళ్ళెవరూ గట్టిగా చెప్పలేకపోయారు. మెడపట్టీ తగిలించుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. నేను ఎఫ్ కొన్నాను. కొక్కేనికి అంత డబ్బా అని మా ఆవిడ అడిగింది. పెళ్ళిలో నా తలపాగాకి తురాయి ఎందుకు పెట్టారని నేనడిగాను. "అదీ దండగేగా" అంది.

రెండో పాఠం తీగలు. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు. శ్రుతి వయొలిన్‌లాగే. జంటలో రెండు తీగలూ అచ్చం ఒకేలా పలకాలి. పలకవు. ఆస్తి పంపకాలైన అన్నదమ్ముల్లా పక్కపక్కనే ఉంటాయి, ఒక మాట మీద ఉండవు. ఒకణ్ణి బుజ్జగించి రెండోవాడి దగ్గరికెళ్ళేసరికి మొదటివాడు అలుగుతాడు. ఇవి ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, తుప్పు పడతాయి. ఆ పని నేను ఒక ఆదివారం రాత్రి పదకొండు గంటలకు పెట్టుకున్నాను. ఏదైనా శుభ్రంగా చేయాలన్న పట్టుదల కొద్దీ ఎనిమిదీ ఒకేసారి విప్పేశాను. అప్పుడు తెలిసింది, మాండలిన్ బ్రిడ్జి, అదే మన వీణలో గుర్రం అంటారే, అది అతికించి ఉండదని. తీగల బిగువు నొక్కి పట్టడం వల్లే నిలబడి ఉంటుంది. బిగువు పోగానే గుర్రం నా కళ్ళముందే జారి, నేల మీద రెండు గంతులేసి దివాన్ కిందికి వెళ్ళిపోయింది. ఫోన్ లైటు పట్టుకుని, బోర్లా పడుకుని, చీపురుతో గుర్రాన్ని తోలుకొచ్చేసరికి పన్నెండున్నర. దొరికింది సరే, ఎక్కడ నిలబెట్టాలి? చెక్క మీద దాని పాత గుర్తు కూడా లేదు, ఎందుకంటే తీగలు విప్పగానే నేను ముచ్చటపడి పాలిష్ పెట్టి తుడిచేశాను. వెంట్రుకవాసి ఇటు జరిగితే పై స్థాయి షడ్జం హెచ్చు, అటు జరిగితే తగ్గు. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఆ మాండలిన్ శ్రుతికి ప్రపంచంలో ఇంకో వాద్యం జత కలవదు. ఒక్కొక్క జంటే విప్పి మార్చుకోవాలని తర్వాత ఎవరో చెప్పారు. ఇలాంటివి ముందే చెప్పరు.

చెక్క గురించి కూడా రెండు ముక్కలు. పైపలక స్ప్రూస్, వెనక మేపుల్ ఉండాలని పండితుల మాట. కొత్త వాద్యాన్ని ఏళ్ళ తరబడి వాయిస్తుంటే చెక్క "తెరుచుకుంటుంది" అని, నాదం పండుతుందని కూడా అంటారు. నా మూడో మాండలిన్ వాయించే శ్రమ కూడా ఇవ్వకుండా తెరుచుకుంది. మొన్న మే నెలలో, వెనక జాయింటు దగ్గర, అయిదు రూపాయల బిళ్ళ పట్టేంత. మొదటిదాని సంగతి వేరు. అది తక్కువలో వచ్చింది. తీగకీ మెట్టుకీ మధ్య గోదావరి ఎక్స్‌ప్రెస్ వెళ్ళేంత సందు. నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ళ మీద గీతలు పడేవి. అవి కాయలు కాస్తే ఇక నొప్పుండదని చెబుతారు. నాకు ఒకసారి కాయ కాసే సూచన కనిపించింది గానీ, సరిగ్గా అదే వారం ఎంపిక పని మీద పడడంతో మెత్తబడిపోయింది.

పిక్ సమస్య మాత్రం సంసారాన్ని తాకింది. పూర్వం తాబేటి చిప్పతో చేసేవారు. ఆ తాబేళ్ళ వ్యాపారం ఇప్పుడు నిషేధం, మంచిదే. ప్లాస్టిక్‌వి పదిహేడు రకాలు తెప్పించాను. ఒకదానితో వాయిస్తే సన్నగా, ఇంకోదానితో మొద్దుగా, మొత్తం మీద అన్నిటితోనూ నేను వాయించినట్టే వినబడింది. ఇంతలో సరోద్ విద్వాంసులు కొబ్బరి చిప్పతో చేసిన పిక్ వాడతారని తెలిసింది. కొబ్బరి చిప్ప! గోదావరి జిల్లావాడికి! వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ముదిరిన కాయ చిప్ప, మంచి గట్టిది, రెండు పంపించు."

అటువైపు కాసేపు మాట లేదు.

"మాండలిన్ కోసమేనా?"

"అవునమ్మా."

"తొమ్మిదేళ్ళబట్టీ అనుకుంటానే ఉన్నాను నాయనా, చివరికది నీ చేతికి చిప్ప ఇస్తుందని."

చిప్పలొచ్చాయి. ఆకురాయితో వారం రోజులు అరగదీసి ఒక పిక్ తయారుచేశాను. ఎలా ఉందో చెబుతాను, ముందు దాన్ని ఏ మాండలిన్ మీద పరీక్షించాలో తేలనివ్వండి.

ఈ దశలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే వీణ మాస్టారి దగ్గరికి సలహాకెళ్ళాను. అయిదోది కొనాలనుకుంటున్నాను, ఒంటి తీగలదా, జంట తీగలదా అని వివరంగా అడిగాను. పోల్చి చూసుకునేందుకు పట్టిక కూడా పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పట్టికంతా శ్రద్ధగా చదివారు. "బాగా కష్టపడ్డావు బాబూ. ఏదీ, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో వాయించు, విని చెబుతాను" అన్నారు. సంగీతజ్ఞులతో వచ్చిన ఇబ్బందే ఇది. ఏ విషయం మొదలెట్టినా సంగీతంలోకి లాగుతారు.

మాండలిన్ అన్న మాట వెతికితే ఆన్‌లైన్ దుకాణాల్లో వాద్యం కన్నా ముందు కూరగాయలు పల్చగా తరిగే స్లైసర్ వస్తుందని ఈ కళలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దాన్నీ మాండలిన్ అనే అంటారు. మూడువందలసార్లు అది నాకు కనబడింది, మూడువందలసార్లు పక్కకి నెట్టాను. మా ఆవిడకు ఒక్కసారి కనబడింది, కొనేసింది. ఏ ప్లాస్టిక్, ఏ స్టీలు అని చూడనైనా చూడలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లో రోజూ మోగుతున్న మాండలిన్ అదొక్కటే. చిప్స్, బజ్జీలు, కీరా ముక్కలు, అన్నీ ఒకే మందం, ఒకే కాలప్రమాణం. నేనూ కుతూహలం కొద్దీ మొన్న శనివారం అరటికాయ పట్టుకుని కూర్చున్నాను. విలంబంలో బాగానే నడిచింది. ద్రుతంలోకి వెళ్ళేసరికి ఎడమచేతి చూపుడువేలి కొస తెగింది.

క్లినిక్‌లో డాక్టర్ గారు కట్టు కడుతూ, "ఏం తగిలిందండీ?" అనడిగారు.

"మాండలిన్ అండీ."

ఆయన చెయ్యి ఆగింది. నా వేలి వైపు, తర్వాత నా మొహం వైపు చూసి, "వేళ్ళు తెగేదాకా సాధన చేస్తారా సార్! ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"తొమ్మిదేళ్ళయింది."

పక్కనున్న మా ఆవిడ "అరటికా..." అనబోయింది. నేను గట్టిగా దగ్గాను. డాక్టర్ గారు పది రోజులు తీగ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి, కన్సల్టేషన్ ఫీజు వద్దన్నారు.