మాత్రల షీటు చూపించి బిడ్డను దూరం చేయకండి

జీవిత భాగస్వామికి మానసిక సమస్య ఉందని చూపిస్తే విడాకులు, పిల్లల కస్టడీ సులువుగా వచ్చేస్తాయని ఒక వ్యాసంలో రాశారు, అది చదివి ఊరుకోలేక రాస్తున్నా. కూకట్‌పల్లిలో ఉండే మా అక్కకి డెలివరీ తర్వాత డిప్రెషన్ వచ్చింది, తనంతట తనే డాక్టర్ దగ్గరికి వెళ్ళింది, మందులు వాడింది, కోలుకుంది. బావ ఆ మాత్రల షీటునే ఫోటో తీసి పిటిషన్‌కి జతచేశాడు. కోర్టు వరండాలో ఆ కాగితం చూశాక, బాబు బిస్కెట్ ప్యాకెట్ విప్పమని ఇస్తే అక్కకి చేతులు ఆడలేదు.

చట్టం అలా లేదండీ. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం జబ్బు ఉంటే చాలదు, కలిసి బతకడం కుదరనంత తీవ్రంగా ఉండాలి. 1988లో స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉందని వేసిన కేసులో కూడా సుప్రీంకోర్టు జబ్బు పేరు ఒక్కటే సరిపోదంది. 2017 మానసిక ఆరోగ్య చట్టమైతే, జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని స్పష్టంగా చెప్పింది. కస్టడీలో ముందు చూసేది బిడ్డ మంచే.

నిజంగా పిల్లలకి ప్రమాదం ఉంటే మాత్రం దాచకండి, ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టి లాయరుకి చూపించండి. కానీ దయచేసి వైద్యం చేయించుకోవడాన్నే నేరంలా చూపకండి, కేసు భయంతో మందులు మానేసేవాళ్ళుంటారు. మాట్లాడేవాళ్ళు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అక్క కేసులో ఇంకా వాయిదాలు నడుస్తున్నాయి, మందులు మాత్రం మానలేదు.